మామిడి బూడిద పూసిన కప్పులు

మా తోటలో మామిడికాయలు సర్దే షెడ్డు ఒకటుంది. ఏడాదిలో రెండు నెలలు అందులో కాయలుంటాయి, మిగతా పది నెలలు నేనుంటాను. కాయలకైతే గిరాకీ ఉంది.

నేను మట్టితో గిన్నెలూ కప్పులూ చేస్తాను. ఆ షెడ్డును నేను స్టూడియో అంటాను, నాన్న షెడ్డు అంటాడు, అమ్మ "ఆ మట్టి" అంటుంది. మీ అమ్మాయి ఎక్కడుందని ఎవరన్నా అడిగితే "ఆ మట్టిలో ఉంది" అని చెప్తుంది. కొత్తవాళ్లయితే కాసేపు మౌనం పాటిస్తారు.

హైదరాబాదులో ఉద్యోగం వదిలేసుకుని మట్టి మీద ప్రేమతో వచ్చేసిందని నా గురించి ఊళ్లో ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంది కాబట్టి నేనూ ఖండించలేదు. జరిగిందేంటంటే, ఇంటినుంచే పని చేసుకోమన్నారు, అద్దె దండగని వచ్చేశాను. పొద్దున పూట లాప్‌టాప్, మధ్యాహ్నం సారె. సారె అంటే కుండలు తిప్పే చక్రం, నాది కరెంటుది. బట్టీ కూడా కరెంటుదే. చూడ్డానికి ఫ్రిజ్జులా ఉంటుంది, చేసే పని మాత్రం సరిగ్గా దానికి రివర్సు.

సారె మీద కప్పు తీయడం రెండేళ్లలో వచ్చేసింది. అసలు తలనొప్పి పైపూతతో. మట్టి కప్పును ఒకసారి కాలిస్తే ఇటుకలా ఉంటుంది, నీళ్లు పోస్తే తాగేస్తుంది. గ్లేజు అనే పొడిని నీళ్లలో కలిపి దానికి పూసి, పన్నెండు వందల డిగ్రీల పైన రెండోసారి కాలిస్తే, ఆ పొడి కరిగి గాజులా కప్పును పట్టుకుంటుంది. పట్టుకోవాలి. ఒక్కోసారి కప్పును వదిలేసి బట్టీలోని పలకను పట్టుకుంటుంది. అప్పుడు ఉలి పెట్టి కొట్టి విడదీస్తాను. షెడ్డులోంచి ఉలి చప్పుడు వినిపిస్తే ఇంట్లో ఆ రోజు నన్నెవరూ ఏమీ అడగరు.

ఆ పైపూత కోసం చేయని ప్రయోగం లేదు. పచ్చి మట్టి మీద గోనెసంచి అద్దాను. మామిడికాయల ప్లాస్టిక్ ట్రే అద్దితే కప్పు జైలు కిటికీలా వచ్చింది. మామిడాకు అద్దితే అందంగానే వచ్చింది గానీ, చూసిన ప్రతివాళ్లూ "పెళ్లెప్పుడు" అని అడగడం మొదలుపెట్టారు. ఒకసారి పచ్చికాయ సొనతో ప్రయత్నించాను. మైనం రాసినచోట గ్లేజు అంటదు, అలా ముగ్గులు తేలుతాయి. మైనం కొనడమెందుకు, తొడిమ విరిస్తే కారే సొన తోటంతా ఉందిగా అనుకున్నాను. కప్పు మీద ముగ్గు రాలేదు. నా పెదవి మీద వచ్చింది. ఆ వారం ఆఫీసు మీటింగులన్నీ కెమెరా ఆపేసి చేశాను.

ఇలా నాకు నేనే నష్టం చేసుకుంటూ హాయిగా ఉండగా, మా అమ్మ చర్చి సంఘంలో లేచి నిలబడింది.

అమ్మ స్కూలు టీచరు. ఆదివారం చర్చిలో పిల్లలకు సండేస్కూలు చెప్తుంది, ముప్పై ఏళ్లుగా. ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుని చర్చి వ్యవహారాలు మాట్లాడుకునే సమావేశంలో మాత్రం ఆ ముప్పై ఏళ్లలో ఒక్కసారీ నోరు విప్పలేదు. ఇంట్లో విప్పేది, అది వేరే సంగతి.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, చిన్న కప్పులో ద్రాక్షరసం తీసుకుంటారు. ఆ కప్పులు ప్లాస్టిక్‌వి, బొటనవేలంత. అయిపోయాక చర్చి వెనక కుప్ప పోస్తారు. ఆ కుప్ప మీద మేకలు ఎక్కి నములుతుంటాయి. బల్ల తీసుకుని కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చిన అమ్మకు ఒకరోజు ఎదురుగా ఒక మేక, దాని నోట్లో అదే కప్పు. అమ్మకు నచ్చలేదు. మేకకు ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు.

ఈస్టరుకు నెలన్నర ముందు జరిగిన సమావేశంలో అమ్మ లేచింది. "ఈస్టరు బల్లకు మట్టి కప్పులు వాడదామండి. మా అమ్మాయి చేస్తుంది" అంది. నేను ఆఖరి బెంచీలో ఫోను చూసుకుంటున్నాను. నా పేరు మీద మాట ఇచ్చేశారని అందరి తలలూ వెనక్కి తిరిగినప్పుడు తెలిసింది.

మా సంఘపెద్ద బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఎవరు లేచినా ముందు కూర్చోమంటారు, అది వృత్తి అలవాటు. అమ్మను మాత్రం కూర్చోమనలేదు, ఆశ్చర్యంలో మర్చిపోయినట్టున్నారు.

"మట్టి కదా చెల్లెమ్మా, రసం పీల్చేసుద్దేమో. మనుషులకు కాస్తన్నా మిగలొద్దా?" అన్నారు.

"గ్లేజు వేస్తుంది అన్నయ్యగారూ. గాజులా ఉంటుంది" అంది అమ్మ. గ్లేజు అనే మాట అమ్మ నోట అదే మొదటిసారి. రెండేళ్లు నేను చెప్తుంటే వినలేదనుకున్నాను. విన్నది, దాచిపెట్టుకుంది.

పాస్టరుగారు, మేమంతా అయ్యగారంటాం, బాగుంటుందన్నారు. మట్టలాదివారం నాటికి పన్నెండు కప్పులు నమూనాకు చూపించాలి. అందరికీ నచ్చితే వారం తర్వాత ఈస్టరుకు నూట పది కప్పులు. "అయితే ప్లాస్టిక్‌వి తెప్పించను మరి. మీ మాట మీద ఉంటాను" అన్నారు సంఘపెద్ద. అమ్మ తలూపి కూర్చుంది. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. గేటు తీస్తూ అంది, "పరువు తీయకే."

నెల రోజుల్లో నూట ముప్పై చిన్న కప్పులు తీసి మొదటి కాల్పు కాల్చి పెట్టాను. ఇరవై పగులుతాయని ఎక్కువ చేశాను, ఎనిమిదే పగిలాయి. నాకు అంత మంచి రోజులు అలవాటు లేదు, అప్పుడే అనుమానించాల్సింది.

ఇక పైపూత. కట్టెల బూడిదను జల్లెడ పట్టి, కడిగి, తెల్లమట్టీ ఫెల్డ్‌స్పార్ అనే రాతిపొడీ కలిపితే మంచి గ్లేజు అవుతుంది. ప్రపంచంలో ఎక్కడ కాల్చినా దాదాపు ఒకటే రంగు, పలచటి టీ రంగు. తోటలో బూడిదకేం తక్కువ? కిందటేడు గాలివానకు పడిపోయిన ముసలి పెద్దరసం చెట్టు మొద్దులు షెడ్డు వెనకే పేర్చి ఉన్నాయి. బెరడు మందంగా, పొలుసులు పొలుసులుగా ఉన్నవి చూసి ఏరాను. బెరడులోనే బూడిద ఎక్కువొస్తుంది. కాల్చాను, కడిగాను, కలిపాను, పూశాను.

బట్టీ తెరిస్తే కప్పులు ఆకుపచ్చగా ఉన్నాయి.

టీ రంగు కాదు. వాన పడ్డ మర్నాడు మామిడి చిగురు ముదిరి ఆకయ్యే రోజుల్లో ఉండే పచ్చ. గ్లేజు అంచు దగ్గర పలచగా, అడుగున మడుగులా చేరి చిక్కగా. నేను నేల మీద కూర్చుండిపోయాను. భావావేశమేం కాదు, బట్టీ ముందు స్టూలు లేదు.

ఇక్కడ మా వాళ్ల జబ్బు ఒకటి చెప్పాలి. నూజివీడు చుట్టుపక్కల ఏది బాగున్నా దానికి ఒకటే కారణం, నేల మహిమ. కాయ తియ్యగా ఉంటే నేల మహిమ. పిల్లాడికి మంచి ర్యాంకొస్తే నేల మహిమ. అదే రకం కాయ విస్సన్నపేటలో కొని తిని "ఇదీ అలాగే ఉందే" అని ఎవరన్నా అంటే, ఆ నేల కూడా మనదే అంటారు. బీటెక్‌లో కెమిస్ట్రీ పాసైన నేను, ఆ పచ్చరంగు ఎందుకొచ్చిందని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మన మట్టిలో పెరిగిన చెట్టు, మన బూడిద. ఫొటో తీసి "నూజివీడు పచ్చ" అని పేరు పెట్టి ఫోన్లో అందరికీ పంపాను. గోడ మీద తగిలించిన లెక్క కాగితంలో ఆ పేరు ఎర్ర ఇంకుతో రాసుకున్నాను కూడా. సాయంత్రం దాకా నేను శాస్త్రవేత్తను.

మట్టలాదివారం నాడు పన్నెండు కప్పులూ చర్చికి వెళ్లాయి. సంఘపెద్ద ఒకదాంట్లో నీళ్లు పోసి కిటికీలో పెట్టి, ప్రసంగం సాగినంతసేపూ దాన్నే చూశారు. అయ్యగారి ప్రసంగం పొడవు పుణ్యమా అని పరీక్ష గట్టిగా జరిగింది. చుక్క కారలేదు. కప్పు చేతులు మారుతూ వరసలన్నీ తిరిగింది. ఆడవాళ్లు గోటితో కొట్టి చూశారు. "ఇదేం రంగు తల్లీ" అన్నారు అయ్యగారు. "మామిడి బూడిదండి" అన్నాను. "మన నేల" అన్నారాయన. అందరూ తలలూపారు. అమ్మ మొహం చూశాను. నేను టెన్త్‌లో ఫస్టొచ్చినప్పుడు కూడా అంత వెలగలేదు. అప్పుడు లెక్కల్లో తగ్గాయెందుకని అడిగింది.

నాన్న ఆ రోజు చర్చికి రాలేదు, కాపు చూడ్డానికి బేరగాళ్లొచ్చారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ ఒక కప్పు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. నాన్న ఎడంచేత్తో తీసుకుని తిప్పి చూశాడు.

"నా స్ప్రేయర్ ముక్కు కూడా ఇలాగే అవుద్ది" అన్నాడు.

"ఏంటి?"

"ఇత్తడి ముక్కు. మైలుతుత్తం కొట్టి కడక్కుండా వదిలేస్తే ఇదే పచ్చ. ఏ కట్టెలు కాల్చావే?"

"పడిపోయిన పెద్దరసం."

నాన్న అన్నం కలుపుకుంటూ తాపీగా చెప్పాడు. "దానికి బంక కారే తెగులు. ఇరవై ఏళ్ల నుంచీ ఏటా మొదలంతా బోర్డో పూస్తున్నా. బెరడు నిండా అదే ఉంటది."

బోర్డో అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద. మైలుతుత్తం అంటే రాగి. రాగి గ్లేజులో పడితే ఆకుపచ్చ వస్తుంది. ఇది నాకు తెలుసు. నా షెడ్డు గోడ మీద, ఎర్ర ఇంకుతో రాసుకున్న ఆ కాగితానికి పక్కనే, అచ్చేసిన చార్టులో ఉంది. రాగి ఎక్కువైన గ్లేజు పులుపు తగిలితే కరిగి దిగుతుందని కూడా దాంట్లోనే ఉంది. ద్రాక్షరసం పుల్లగా ఉంటుందన్నది చార్టులో లేదు, అది మాత్రం నాకు నేనే తెలుసుకున్నాను, పెరుగన్నం మధ్యలో.

నిమ్మకాయ కోసి ఒక చెక్క కప్పు లోపల బోర్లించి పెట్టాను. ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష అది. సోమవారం పొద్దున తీసి చూస్తే నిమ్మచెక్క ఉన్నంత మేర గుండ్రంగా రంగు వెలిసిపోయింది. నిగనిగ పోయి, సుద్దలా ఉంది.

అమ్మ వంటింట్లో ఉప్మా కలుపుతోంది. కప్పు చూపించి విషయం చెప్పాను. చెప్పి, చెప్పకూడని మాట కూడా కలిపాను.

"ఒక్క గుక్కేనమ్మా. అంతలోకి ఎంత దిగుద్ది? ఎవరికీ ఏమీ కాకపోవచ్చు."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "సరే. సంఘంలో లేచి అదే చెప్తాను. సహోదరీ సహోదరులారా, ఎవరికీ ఏమీ కాకపోవచ్చు, తీసుకోండి అని."

కప్పును గట్టు మీద బోర్లించాను.

"కడుపుతో ఉన్నవాళ్లు ముగ్గురొస్తారు ఆ బల్లకి" అంది. మళ్లీ గరిటె తీసుకుంది. "తిను. తిని పద, అన్నయ్యగారింటికి."

సంఘపెద్ద వరండాలో పేపరు చదువుతున్నారు. అమ్మే చెప్పింది, మొదట్నుంచీ, ఏదీ దాచకుండా. నన్ను తిట్టలేదు కూడా. "మా పొరపాటండి" అంది. ఆ 'మా'లో నేనున్నాను కాబట్టి తల దించుకున్నాను.

ఆయన కళ్లజోడు తీశారు. "అంటే ఆ రంగు నేల మహిమ కాదా?"

"కాదంకుల్. నాన్న మహిమ" అన్నాను.

ఆయన నవ్వలేదు. అమ్మ నావైపు చూసిన చూపుకి నేనూ నవ్వలేదు.

"ప్లాస్టిక్‌వి తెప్పించలేదు కదా చెల్లెమ్మా. గురువారం పొద్దున మొదటి బస్సుకు విజయవాడ వెళ్తే తేగలను. అది దాటితే పండగ సెలవులు, కొట్లు ఉంటాయో ఉండవో."

అమ్మ పమిట చెంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఆవిడ సరేనంటుందనుకున్నాను. నిజానికి అనాలనే కోరుకున్నాను, నాకు తేలికవుతుంది.

"గురువారం పొద్దున ఫోన్ చేస్తాను. వెళ్లమంటే వెళ్లండి, వద్దంటే వద్దు" అంది అమ్మ. నావైపు తిరిగింది. "మందు తగలని చెట్టు బూడిదైతే సరిపోద్దా?"

"సరిపోద్ది. కప్పులు కాల్చే ఉన్నాయి, పూత మార్చడమే."

చెప్పడం తేలికే. నూజివీడు చుట్టూ మందు తగలని మామిడి చెట్టు ఎక్కడుంటుంది? నాన్నకు ఫోన్ చేస్తే "మందు తగలని మనిషిని చూపించు ముందు" అన్నాడు. రెడ్డిగూడెంలో స్నేహితురాలిని అడిగితే వాళ్ల తోటలో పోయినవారమే కొట్టారంది. నేను ఒక్కో నంబరూ నొక్కుతుంటే సంఘపెద్ద గొంతు సవరించుకున్నారు.

"చర్చి కాంపౌండులో ఉంది కదమ్మా ఒక నాటు చెట్టు."

"దానికి కొట్టరా?"

"కమిటీ కొట్టాలి" అన్నారు కాస్త ఇబ్బందిగా. కమిటీకి అధ్యక్షుడు ఆయనే. ఆ చెట్టు ఎవరిదీ కాదు కాబట్టి, మందు ఎవరు కొట్టాలన్నది ఏటా తీర్మానానికొస్తుందట, ఏటా వచ్చే ఏటికి వాయిదా పడుతుందట. ఆయన ఎరిగినంతలో ఆ చెట్టుకు వానే తప్ప ఇంకేదీ తగల్లేదు. పైగా ఒక పెద్ద కొమ్మ ఎండిపోయి రేకుల మీదికి వాలి ఉంది. అది కొట్టించడం కూడా తీర్మానంలోనే ఉంది. నాకు జీవితంలో మొదటిసారి కమిటీల మీద గౌరవం కలిగింది.

ఆ సాయంత్రమే కొమ్మ దిగింది. నాన్న నిచ్చెనెక్కి రంపం పట్టాడు, సంఘపెద్ద కింద నిలబడి "రానీ, రానీ, కొంచెం లెఫ్టు, రైట్ రైట్" అంటూ నడిపించారు. ఆయన రైట్ అన్నది కుడివైపుకో, బస్సు కదలమనో నాన్నకు అర్థం కాక మధ్యలో రెండుసార్లు ఆగాడు. తీర్మానం ఏమైందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మంగళవారం పొద్దున ఆఫీసుకు సెలవు పెట్టి, ఇనుప రేకు శుభ్రంగా తోమి దానిమీద ఆ కొమ్మను కాల్చాను. ఇద్దరు మనుషులు మోసిన కొమ్మకు మిగిలింది ఒక పెరుగుగిన్నెడు బూడిద. అమ్మ స్కూలుకెళ్లే ముందు తన పాత వాయిల్ చీర ముక్క తెచ్చి అందులో జల్లించింది. రెండేళ్లలో అమ్మ షెడ్డులోకి వచ్చి ఐదు నిమిషాలకంటే ఎక్కువ ఉండటం అదే మొదలు. జల్లిస్తూ అరల మీదున్న నా పాత ప్రయోగాలన్నీ చూసింది. ట్రే అద్దిన కప్పు ఎత్తి, "ఇదెవరి కోసం?" అంది. "ఖైదీల కోసం" అన్నాను. కింద పెట్టేసింది.

మూడు కప్పులకు మాత్రం పూసి బట్టీలో పెట్టాను. బుధవారం మధ్యాహ్నం తెరిస్తే పలచటి టీ రంగు. అక్కడక్కడా గంజి కారినట్టు తెల్లటి చారలు. అమ్మ స్కూలునుంచి నేరుగా షెడ్డుకొచ్చి చూసింది. చేతి సంచీ ఇంకా భుజానే ఉంది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే. అసలు రంగు ఇదే."

"పచ్చది బాగుందే." కాసేపటికి, "పోన్లే, నిమ్మకాయ పెట్టు" అంది.

రెండు కప్పుల్లో నిమ్మచెక్కలు పెట్టాను. అప్పుడే మిగతావాటికీ పూసేసి బట్టీ వేసేద్దామన్నాను. బుధవారం ఒక వాయి, శుక్రవారం ఒక వాయి వేస్తే నూట పది పూర్తవుతాయి. నిమ్మకాయ తేలేదాకా ఆగితే ఒక్క వాయికే టైముంటుంది, బట్టీలో పట్టేవి యాభై ఆరే.

"తేలకుండా కాల్చి, రేపు మచ్చ పడితే?"

"పడదమ్మా. మందు లేదుగా."

"మొన్న కూడా నువ్వు ఇలాగే ఉన్నావ్, ఇదే మొహంతో" అంది అమ్మ.

ఆగాం.

అమ్మ ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ మధ్యలో లేచి వెళ్లి కప్పుల వైపు చూసి వచ్చేది. ముట్టుకునేది కాదు. నాన్న కూడా ఒకసారి వెళ్లాడు, తన స్ప్రేయర్ బోల్టులు వెతుక్కునే నెపంతో. అప్పటికే పచ్చ కప్పుల్లో రెండింటిని ఆ బోల్టులకు కేటాయించేశాడు.

గురువారం తెల్లారగానే ముగ్గురం షెడ్డులో నిలబడ్డాం. నిమ్మచెక్కలు తీసి, నీళ్లతో కడిగి, కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. మచ్చ లేదు. నిమ్మచెక్క ఉన్నచోటూ లేనిచోటూ ఒకటే నిగారింపు. అమ్మ నా చేతిలోంచి తీసుకుని, చెంగుతో తుడిచి, అటూ ఇటూ వంచి, వేలితో లోపలంతా తడిమింది. టీచర్లు పేపరు దిద్దేటప్పుడు మార్కు వేయడానికి ముందు ఒకసారి ఆగుతారే, అలా ఆగింది. తర్వాత ఫోన్ తీసింది.

"అన్నయ్యగారూ, వందనాలండి. బస్సెక్కకండి" అంది.

అవతల ఆయన అప్పటికే బస్టాండులో ఉన్నారట.

నిమ్మకాయ పాస్ చేస్తే అంతా పాసైనట్టు కాదని నాకు తెలుసు, అది చెడ్డ గ్లేజును పట్టిస్తుందే గానీ మంచిదానికి సర్టిఫికెట్ ఇవ్వదు. అందుకే పండగయ్యాక రెండు కప్పుల్ని ల్యాబ్‌కి కూడా పంపాను. వాళ్లు నాలుగు పేజీల్లో రాసింది చదివితే నిమ్మకాయ చెప్పిందే చెప్పారు. కాకపోతే గీతలున్న కాగితం మీద.

గురువారం యాభై ఆరు కప్పులు బట్టీలోకెళ్లాయి. ఆ రోజు కరెంటు ఒక్కసారి కూడా పోలేదు. దీనికి మా ఊళ్లో ఎవరి మహిమో ఇంకా తేల్చలేదు. శనివారం పొద్దున తెరిచాను. నాలుగు పలకకు అతుక్కుపోయాయి, ఉలి తీశాను. మిగిలినవి యాభై రెండు, పరీక్షకు కాల్చిన మూడూ కలిపితే యాభై ఐదు.

"నూట పది అన్నాం" అంది అమ్మ, బుట్టలో గుడ్డ పరుస్తూ.

"సగం తక్కువ."

"రెండు వరసలుగా తీసుకుంటారు. మధ్యలో మేం కడుగుతాం. స్త్రీల సమాజం ఉన్నది పాటలు పాడ్డానికేనా" అంది. ఒక్కో కప్పునూ బుట్టలో అమర్చింది, ఒకటి ఇంకోదానికి తగలకుండా మధ్యలో మడతలు పెడుతూ. కోసిన కాయను కూడా అలాగే సర్దుతుంది, సొన అంటకుండా.

ఈస్టరు ఆరాధనలో నేను ఆఖరి బెంచీలోనే కూర్చున్నాను. సంఘపెద్ద నడవలో నిలబడి "ముందుకు జరగండి, ముందు ఖాళీ ఉంది" అంటూ మొదటి సగాన్ని పంపించారు. వాళ్లు మోకరించారు. అయ్యగారు ట్రే పట్టుకుని వరస వెంట నడిచారు. యాభై ఐదు చేతులు ఒక్కోటీ ఒక కప్పు తీసుకున్నాయి. ఎవరన్నా రంగు సంగతి ఎత్తుతారని, పచ్చది ఏమైందని అడుగుతారని కాచుకున్నాను. ఆ వరసలో ముగ్గురు గర్భిణీల్లో ఇద్దరున్నారు, వాళ్లనే చూస్తున్నాను. కప్పు ఎత్తారు, తాగారు, తిరిగిచ్చారు, కళ్లు మూసుకున్నారు. అంతే. కప్పు గురించి ఎవరికీ గుర్తే లేదు. నెలన్నరగా నా బుర్రలో ఇంకేమీ లేదు, అక్కడ మాత్రం అది వట్టి కప్పు.

పక్కగదిలో వేడినీళ్ల బకెట్ల చప్పుడు. అమ్మా ఇంకో నలుగురూ చేతులు ఎర్రగా చేసుకుని కడిగి, తుడిచి, ద్రాక్షరసం పోసి పంపిస్తున్నారు. రెండో సగం లేచింది. అందులో నేనూ ఉన్నాను. నా చేతికొచ్చిన కప్పు ఇంకా గోరువెచ్చగా ఉంది. అంచు దగ్గర నా వేలిముద్ర ఉంది, పూసేటప్పుడు పట్టుకున్నచోట గ్లేజు పలచబడి. వేరే ఎవరికన్నా వస్తే బాగుండేదనిపించింది. తప్పులు వెతక్కుండా తాగడం నాకు రాలేదు.

అందరూ వెళ్లాక, కప్పులు బుట్టలో సర్దుతూ అమ్మ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"నలభై మూడే ఉన్నాయి."

"పగిలాయా?"

"చప్పుడు వినపడేది కదా." అమ్మ గుమ్మం వైపు చూసింది. బయట ఎండలో ఆడవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో హ్యాండ్‌బ్యాగు. "బల్ల కప్పులు ఎవరన్నా ఎత్తుకుపోతారటే?" అంది. అమ్మ గొంతులో కోపం ఉంది, కోపం కింద ఇంకేదో కూడా ఉంది, అది దాచుకోవడానికి బుట్టమీది గుడ్డ రెండుసార్లు సర్దింది.

దొంగతనం ఏ లెక్కకొస్తుందో అయ్యగారినడగాలి. వస్తువు బాగుందని చెప్పడంలో మాత్రం ఇంతకంటే స్పష్టమైన పద్ధతి నాకు తెలీదు.

అంతలో మా వీధి చివర ఉండే ఒక పెద్దావిడ, డెబ్భై దాటినావిడ, కర్ర తాటించుకుంటూ లోపలికొచ్చింది. గుప్పెట తెరిచి చూపించింది. అందులో కప్పు.

"టీచరమ్మా, చెప్పకుండా తీసుకెళ్తే బాగుండదని వచ్చాను. ఇది నేను ఉంచుకుంటున్నా. పొద్దున్నే మందు తాగడానికి సరిగ్గా సరిపోద్ది."

"అవి బల్లకు వాడేవండీ అత్తయ్యగారూ" అంది అమ్మ.

"అందుకేగా" అంది ఆవిడ. సంచీలో వేసుకుని, నా బుగ్గ గిల్లి వెళ్లిపోయింది.

అమ్మ బుట్ట ఎత్తి చంకన పెట్టుకుంది.

"పూత వేయనివి ఇంకా ఎన్నున్నాయి?" అంది.

"యాభైకి పైనే."

"బూడిద?"

"అడుగున కాస్త ఉంది. ఇంకో ఎండుకొమ్మ చూసుకోవాలి."

"చూడు. వచ్చేనెల మొదటి ఆదివారానికి నూట యాభై ఉండాలి" అంది అమ్మ. "నూట పది బల్లకి. మిగతావి వీళ్లకి."